కమాను కట్ట – చుట్ట స్ప్రింగు : మా తీరపు సరుకు బండ్ల కథ

ఉద్యోగ విరమణ తరువాత నిద్ర పలుచబడింది. ముత్తుకూరులో మా ఇల్లు రోడ్డు వారగా ఉంటుంది. నడిరాత్రి ఇంటి ముందు నుంచి పోయే పికప్ బండి నిండుదో ఖాళీదో పడక మీద నుంచే చెప్పగలను. నిండు బండి గోతిలో దిగితే ఒక్క మూలుగు మూలిగి సాగిపోతుంది. ఖాళీ బండి అదే గోతిలో దిగితే వెనుక భాగమంతా ఎగిరిపడి, ఇనుప సామానుల కొట్టు కూలినంత చప్పుడవుతుంది. బరువు మోసేటప్పుడు నిదానం, బరువు దించుకున్న తరువాత రభస! మనుషులలో ఇందుకు విరుద్ధంగా చూస్తాం గనుక ఈ వింత నన్ను చాలా కాలం వెంటాడింది.

ఆ సందేహాన్ని మా ఊరి రోడ్డు మీద కమాను కట్టలు బాగుచేసే ఒక పూర్వ విద్యార్థి ముందు పెట్టాను. ఛందస్సు వాడికి ఏనాడూ ఎక్కలేదు గాని, ఉక్కు పట్టీని కొలిమిలో కాల్చి వంపు తీర్చడంలో సిద్ధహస్తుడు. నవ్వి, "అయ్యవారా, అది బరువు కోసం పుట్టిన కట్ట. బరువు లేకపోతే దానికి దిక్కు తోచదు" అన్నాడు. ఈ వ్యాసం ఆ మాటకు వ్యాఖ్యానమనుకోండి.

ముందుగా మాట సంగతి. కమాను అంటే పారసీకంలో విల్లు. భవనాల తోరణాన్నీ, బండి కింది ఉక్కు పట్టీల కట్టనూ మనవాళ్లు ఆ పేరుతోనే పిలుస్తున్నారు. రెండింటిదీ వింటి వంపే. ఆంగ్లేయులు దీనిని ఆకుతో పోల్చారు. వారిని అనుసరించి మనం 'ఆకు స్ప్రింగు' అని అనువదించుకుంటే చిక్కు వచ్చి పడుతుంది. తెలుగు రైతుకు బండిలో ఆకు అంటే చక్రంలో కుండ నుంచి పూటీల దాకా పోయే కమ్మీ. ఆ స్థానం ముందే నిండిపోయింది. కావున కమానే సరైన మాట అని నా నిశ్చయం. రెండవ రకాన్ని మెకానిక్కులు కాయిల్ స్ప్రింగు అంటారు. నేను చుట్ట స్ప్రింగు అంటాను.

వంచితే వంగి, వదిలితే తిరిగి తన స్థితికి వచ్చే గుణాన్ని వైశేషికులు 'స్థితిస్థాపకం' అన్నారు. సంస్కారం అనే గుణానికి వారు చెప్పిన మూడు భేదాలలో ఇది ఒకటి. తక్కినవి వేగం, భావన. తర్కసంగ్రహం చదివిన వారికి ఇది పాత పాఠమే. ప్రశస్తపాదుడు ఈ గుణానికి ఇచ్చిన ఉదాహరణలలో ధనుస్సు ఉన్నది, చెట్టు కొమ్మ ఉన్నది, కొమ్ము కూడా ఉన్నది. నేటి మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలోని 'స్థితిస్థాపకత' అక్కడి నుంచి వచ్చినదే. ఇంతమాత్రాన అన్నీ మనవాళ్లే కనిపెట్టారని చంకలు గుద్దుకోవడం నాకు ఇష్టం లేదు. మనవాళ్లు గుణాన్ని గుర్తించి పేరు పెట్టారు. దానిని కొలిచినవాడు రాబర్ట్ హుక్. ఎంత బరువు వేస్తే అంత సాగుతుందన్న నియమాన్ని ఆయన 1676లో అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథలా ప్రకటించి, 1678లో విప్పి చెప్పాడు. చిత్రకవిత్వం చేసిన మన కవులు చూస్తే ముచ్చటపడేవారు. బండి అడుగున చేరిన ప్రతి స్ప్రింగూ ఆ నియమానికి లోబడినదే.

మా తీరంలో సరుకు రవాణాకు చాలాకాలం స్ప్రింగుతో పనే లేకపోయింది. కృష్ణపట్నం దగ్గర బకింగ్‌హాం కాలువ ఉన్నది. 1806లో మద్రాసు వద్ద మొదలైన ఆ కాలువ అంచెలంచెలుగా ఉత్తరానికి సాగి, 1876–78 నాటి కరవు పనులలో మరింత పెరిగి, నాటి గవర్నరు పేరు తగిలించుకున్నది. ఉప్పూ కట్టెలూ పడవల మీద పోయేవి. నీటికి మించిన స్ప్రింగు ఏముంటుంది? నేల మీద ఎద్దుబండి ఇరుసు మీదనే కూర్చునేది. గతుకు వస్తే చక్రం, ఇరుసు, నొగలు, తోలేవాడి నడుము అన్నీ కలిసి ఆ దెబ్బను పంచుకునేవి. ఎద్దు నడక మనిషి నడకను మించదు గనుక అది సాగింది. దెబ్బ తీవ్రత వేగంతో పెరుగుతుంది. తరువాత వచ్చిన టైరు బండికీ కమాను లేదు, రబ్బరులోని గాలే దానికి మెత్తదనం. నా చిన్నతనంలో కమాను ఉన్న బండి అంటే నెల్లూరులో జట్కాయే. పరుగెత్తే గుర్రం, కూర్చునే మనిషి రెండూ ఉన్నచోట కమాను అవసరమైంది. ఈ మాట కొంచెం గుర్తుంచుకోండి.

ఐరోపాలో మొదట బండి తొట్టిని తోలుపట్టాల మీద వేలాడదీసేవారు. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య బరువైన దూలం ఒకటి ఉండేది. 1804లో ఒబడయా ఎలియట్ అనే ఆంగ్లేయుడు రెండు కమానులను ఎదురెదురుగా, కోడిగుడ్డు ఆకారంలో బిగించి హక్కుపత్రం పొందాడు. ఆ కమానులు తొట్టిని మోయడమే గాక ఇరుసును కూడా పట్టి ఉంచాయి. దానితో మధ్య దూలం అక్కరలేకపోయింది, బండి తేలికైంది. ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటున్నది. చుట్ట స్ప్రింగుకు ఇంగ్లండులో ట్రాడ్వెల్ అనే ఆయన 1763లోనే హక్కుపత్రం తీసుకున్నాడు. అంటే ఎలియట్ కంటే నలభై ఏళ్లకు పైగా ముందు. అయినా బండ్ల కింద రాజ్యమేలినది కమానే. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారుకు ముందూ వెనుకా అడ్డంగా వేసినవి కమానులే. ముందు పుట్టిన చుట్టను తరువాత పుట్టిన కట్ట ఎందుకు వెనక్కి నెట్టింది?

చాలామంది చెప్పే సమాధానం 'కమాను బలమైనది, చుట్ట సుకుమారమైనది' అని. నేనూ అట్లే అనుకునేవాణ్ణి. అది తప్పని తెలియాలంటే మా కృష్ణపట్నం రేవు నుంచి బొగ్గు మోసుకుపోయే గూడ్సు రైలు దగ్గర ఒకసారి నిలబడితే చాలు. ఒక్కొక్క బాక్సెన్ వ్యాగను నిండితే ఎనభై టన్నులకు పైబడుతుంది. దాని చక్రాల మధ్యకు వంగి చూడండి, ఒకదానిలో ఒకటి దూర్చిన చుట్ట స్ప్రింగులే గుంపులు గుంపులుగా కనబడతాయి. పాత నాలుగు చక్రాల వ్యాగన్లకు కమాను కట్టలుండేవి. రైలు కమానును వదిలి చుట్టను పట్టుకున్నది. బరువే ప్రశ్న అయితే మన పికప్ బండి ఏనాడో ఆ పని చేసి ఉండాలి కదా.

అసలు భేదం బలంలో లేదు, పనిలో ఉన్నది. చుట్ట స్ప్రింగు ఒక్క పనే చేస్తుంది: పైనుంచి పడిన బరువును మోస్తుంది. ఇరుసు ముందుకు పోతుందా, వెనక్కి జారుతుందా, పక్కకు కదులుతుందా అనేది దానికి పట్టదు. నిలువుగా నిలబెట్టిన చుట్టను చేత్తో పక్కకు తోసి చూడండి, ఒరిగిపోతుంది. కమాను అట్లా కాదు. దాని పొడవైన మొదటి పట్టీకి రెండు కొసలా కన్నులుంటాయి. ముందు కన్ను ఛాసిస్‌కు సీలతో బిగుస్తుంది. వెనుక కన్ను షాకిల్ అనే చిన్న ఊయలకు వేలాడుతుంది, ఎందుకంటే వంపు అణగినప్పుడు పట్టీ కొంచెం పొడవు సాగుతుంది, ఆ సాగడానికి చోటు కావాలి. నడిమధ్యన యూ బోల్టులతో ఇరుసును కట్టి బిగిస్తారు. ఇంజను తోపునూ, బ్రేకు పట్టినప్పటి ఈడ్పునూ, మలుపులో పక్కతోపునూ కూడా ఆ కట్టే భరిస్తుంది. చుట్ట స్ప్రింగు వేయాలంటే ఈ పనులన్నిటికీ వేరే మనుషులను పెట్టుకోవాలి: పొడుగునా నాలుగు కడ్డీలు, అడ్డంగా ఒకటి, ప్రతి కొసకూ రబ్బరు బుష్షులు. రైలు వ్యాగనులో ఆ పట్టి ఉంచే పని పోతపోసిన బోగీ చట్రానిది. అందుకనే అక్కడ చుట్ట నిశ్చింతగా బరువు మోస్తున్నది.

కమానులో ఇంకొక చమత్కారం ఉన్నది. ఒకే మందపు పట్టీ వేయక ఏడెనిమిది పలుచని పట్టీలు ఎందుకు? మా ఇంట తాతగారి నాటి తాళపత్ర గ్రంథం ఒకటి ఉండేది. ఆ కట్టను రెండు చేతులా పట్టి వంచితే ఆకులు ఒకదాని మీద ఒకటి జారుతూ సుఖంగా వంగేవి. అంతే మందం గల కొయ్యపలక వంగదు, విరుగుతుంది. పట్టీ మందం రెట్టింపైతే దాని బిర్రు ఎనిమిది రెట్లవుతుంది. అదే రెండు పట్టీలు విడివిడిగా ఒకదానిపై ఒకటి వేస్తే రెండు రెట్లే. పలుచని పట్టీల కట్ట బరువుకూ ఆగుతుంది, వంపుకూ లొంగుతుంది. పట్టీలు జారేటప్పటి రాపిడి ఊపును అణచివేస్తుంది కూడా. చుట్టకు ఆ రాపిడి లేదు. షాక్ అబ్సార్బర్ తోడు లేకపోతే బండి చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. ఇంకొక సంగతి విని నేను ఆశ్చర్యపోయాను. కమాను పట్టీ వంగుతుంది, కాని చుట్ట స్ప్రింగులోని తీగ వంగదు, మెలితిరుగుతుంది. మెలిలో ఉక్కు అంతటా పని పంచుకుంటుంది గనుక అంతే పనికి చుట్టకు తక్కువ ఉక్కు సరిపోతుంది. తేలికదనంలో చుట్టదే పైచేయి. ఉన్న గుణాన్ని ఉన్నదని చెప్పాలి.

మనదేశంలో మహీంద్రావారు 1947 నుంచి జీపుల పని చేపట్టారు. ఆ జీపులకు నాలుగు మూలలా కమానులే. 2014లో తయారీ ఆగిపోయేదాకా అంబాసిడర్ కారుకు వెనుక కమానే. తెలుగునేల మీద చిన్న లారీల తయారీ అంటే నాకు ముందుగా గుర్తుకు వచ్చేది జహీరాబాదు. 1942లో పుట్టిన హైదరాబాదు ఆల్విన్ సంస్థ 1980లలో జపానుకు చెందిన నిస్సాన్‌తో చేతులు కలిపి అక్కడ ఆల్విన్ నిస్సాన్ లారీలు చేసింది. తరువాత ఆ కర్మాగారం మహీంద్రా చేతికి పోయింది. 1986లో టాటా 407 వచ్చింది. 2005లో ముప్పాతిక టన్ను మోసే టాటా ఏస్ వచ్చి పల్లె సందులలోకి దూరింది. దానికి వెనుకనే కాదు, ముందు కూడా కమానే.

ఈ బండ్లకు మా ప్రాంతంలో పని పెట్టినది రొయ్య. 1990ల మొదట్లో వచ్చిన ఊపు, ఆ దశకం నడుమ తెల్లమచ్చ తెగులుతో పడిన దెబ్బ, 2009లో వనామీకి అనుమతి వచ్చిన తరువాత మళ్లీ లేచిన తీరు ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. 1991లో మా ఊరికి మత్స్య కళాశాల వచ్చింది, 2008లో కృష్ణపట్నం కొత్త రేవు తెరుచుకున్నది. రొయ్య పిల్ల, మేత, మంచు, పట్టుబడి చేసిన సరుకు అన్నిటికీ పికప్ బండే. మంచు కరిగిన ఉప్పునీరు తొట్టి సందులలోంచి కారి నేరుగా కమాను మీద పడుతుంది. పట్టీల నడుమ తుప్పు చేరితే జారడం మానేసి అవన్నీ ఒకే ముద్దగా బిగుసుకుపోతాయి. అప్పుడిక తాళపత్రం కాస్తా కొయ్యపలక అవుతుంది. మా శిష్యుడి దగ్గరకు వచ్చే కట్టలలో అట్టివి ఎన్నో. విప్పి, తోమి, పగిలిన పట్టీ మార్చి, గ్రీజు పెట్టి మధ్య బోల్టు బిగిస్తాడు. "కమానులో ఒక పట్టీ ఇరిగినా తక్కినవి ఉంటాయి గదా అయ్యవారా, మెల్లిగా ఇంటికి చేరతాది. చుట్ట ఇరిగితే బండి యాడుండేది ఆడ్నే" అన్నాడు. మొదటి పట్టీ విరిగినా ఇరుసు ఊడి రాకుండా చాలా కట్టలలో రెండవ పట్టీ కొసలను దాని కన్నుల చుట్టూ చుట్టి ఉంచుతారట. కొలిమి, సమ్మెట ఉన్న ప్రతి ఊళ్లోనూ బాగుపడగలగడం కమాను దీర్ఘాయుష్షుకు ఒక పెద్ద కారణం.

నెల్లూరికి దక్షిణంగా, తడ దగ్గర శ్రీసిటీలో ఈ కథ ఒకే చూరు కింద కనబడుతుంది. ఇసుజువారు 2016 ఏప్రిల్‌లో అక్కడ కర్మాగారం తెరిచి డి-మ్యాక్స్ పికప్ బండ్లు చేయసాగారు. దానికి వెనుక కమాను. అదే వంశపు ఛాసిస్ మీద కుటుంబాలు తిరిగే ఎం.యు.ఎక్స్ అనే బండిని 2017లో తీసుకువచ్చారు. దానికి వెనుక అయిదు కడ్డీలతో చుట్ట స్ప్రింగు. టయోటావారిదీ అదే తీరు: హైలక్సుకు కమాను, దాని సోదరి ఫార్చ్యూనరుకు చుట్ట. ఇనుము ఒకటే, ఇంజనీర్లు ఒక్కరే. వెనుక కూర్చునేది సరుకా, మనిషా అన్నదే వారు వేసుకున్న ప్రశ్న. జట్కా నాటి ప్రశ్న అదే కదా!

అమెరికాలో ఈ ప్రశ్నకు సమాధానం అటూ ఇటూ ఊగింది. షెవర్లేవారు 1960లో తమ అరటన్ను పికప్‌కు వెనుక చుట్ట స్ప్రింగులు పెట్టి, 1972 దాకా నడిపి, 1973 నమూనాలో మళ్లీ కమానుకు వచ్చారు. రామ్ 1500 మాత్రం 2009 నమూనాతో చుట్టకు మారింది, టయోటా టండ్రా 2022 నమూనాతో మారింది. డల్లాసులో ఉండే మా మేనల్లుడి పొరుగున ఇట్టి బండి ఒకటున్నది. అది మోసే గరిష్ఠ భారం వారం వారం కూరగాయలట! ఖాళీగా తిరిగే పికప్‌కు చుట్ట తగును. దానిని చూసి మన బండ్లు వెనుకబడ్డాయని అనేవారితో నేను ఏకీభవించను. మా బండ్లు బరువు మోస్తున్నాయి.

ఐతే మా బండ్లు మోస్తున్న బరువులో మనుషులు కూడా ఉన్నారు. ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పినది నిజానికి అదే.

1990లలో ఒక స్థానిక ఎన్నికలో నన్నూ మరి నలుగురు ఉపాధ్యాయులనూ బ్యాలెట్ పెట్టెలతో సహా ఒక సరుకు బండి వెనుక ఎక్కించి పంపారు. అయిదుగురు మనుషులూ నాలుగు పెట్టెలూ ఆ కమానుకు ఒక లెక్క కాదు. పదిహేను కిలోమీటర్ల తరువాత నాకు నడుము పట్టేసి వారం రోజులు బడికి పోలేకపోయాను. ఎందుకట్లా అని అడిగితే మా బడి సైన్సు మాస్టారు ఉయ్యాల లెక్క చెప్పారు. బరువుకు స్ప్రింగు ఎంత దిగిందో అంత పొడవు గొలుసున్న ఉయ్యాల ఎంత వేగంగా ఊగుతుందో, బండి కూడా అంత వేగంగా ఊగుతుందట. పాతిక సెంటీమీటర్లు దిగితే సెకనుకు ఒక ఊపు, ఆరు సెంటీమీటర్లే దిగితే రెండు ఊపులు. టన్ను కోసం చేసిన కమాను అయిదుగురికి దిగదు. దిగని కమాను మీద గతుకు గతుకూ నేరుగా వెన్నెముకకు చేరుతుంది. ఖాళీ బండి రభసకు కారణమూ ఇదే. శిష్యుడు ఒక్క వాక్యంలో తేల్చినదాన్ని మాస్టారు సూత్రంతో చూపించారు.

దీనికి తోడు మరొక వాడుక ఉన్నది. కంపెనీ ఇచ్చిన కట్ట చాలదని యజమానులు అదనపు పట్టీలు వేయిస్తారు. ఒక పట్టీ పెరిగితే బండి వెనుక లేచి నిలబడుతుంది, మరి నాలుగు బస్తాలు ఎక్కుతాయి. కాని బ్రేకులు పెరగవు, ఇరుసు లావెక్కదు, టైరు మారదు. పోనీ ఖాళీగా పోయేటప్పుడైనా సుఖమా అంటే మునుపటికంటె మొరటు. మా శిష్యుణ్ణి ఈ విషయంలో మందలించాను. తల వంచుకుని, "నేను ఎయ్యనంటే పక్క షాపులో ఏపిచ్చుకుంటారు అయ్యవారా" అన్నాడు. వాడికి నా వద్ద జవాబు లేకపోయింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం సరుకు బండిని సరుకుకే పరిమితం చేసింది. నాట్లకూ కోతలకూ రొయ్యల పనికీ పోయే కూలీలకు తెల్లవారుజామున బస్సు లేదన్న సంగతి చట్టానికి పట్టలేదు.

ఒకనాడు వాడి షాపు ముందు టాటా ఏస్ ఒకటి ఆగింది. పదిహేనుమంది ఆడవాళ్లు దిగి వేపచెట్టు నీడన నిలబడ్డారు. మనిషికి యాభై కిలోలు వేసుకున్నా ముప్పాతిక టన్ను, అక్షరాలా ఆ బండికి నిర్ణయించిన భారం. కాగితం మీద లెక్క సరిపోయింది. అదనపు పట్టీలు వేసిన కట్ట మాత్రం అణగలేదు. వారిలో ఒక పెద్దామె నడుము మీద చేయి వేసుకుని, "ఆ పైన ఏసిన పట్టీలు తీసెయ్యి నాయనా, ఎముకలు లెక్కపెట్టుకుంటా వస్తాండాం" అన్నది. డ్రైవరు ఫోనులో యజమానిని అడిగాడు. వద్దన్నాడట, సాయంత్రం మేత బస్తాలు ఎక్కించాలని. మావాడు విరిగిన పట్టీ ఒక్కటి మార్చి బోల్టు బిగించాడు. వాళ్లంతా మళ్లీ ఎక్కారు.

ఇప్పుడు నా పడక మీద మూడు చప్పుళ్లు వేరు చేయగలను. నిండు బండిది ఒకటి, ఖాళీ బండిది ఒకటి. మూడవది వేకువన నాలుగున్నరకు వస్తుంది. మా ఇంటి ముందరి గోతిలో బండి పడగానే కమాను మోతతో పాటు గొంతులు కూడా ఒక్కసారి లేచి, మలుపు దాకా వినిపిస్తాయి.